బెల్జియం సినిమా

బెల్జియం సినిమా అనగా పశ్చిమ ఐరోపాలోని బెల్జియం దేశంలో గాని, ఆ దేశపు దర్శకులు, నిర్మాతల ఆధ్వర్యంలో గాని నిర్మించబడిన చలనచిత్రాలు. ఫ్రాన్సు, ఇటలీ, జర్మనీ వలె బెల్జియంకు పెద్ద చలనచిత్ర పరిశ్రమ ఎన్నడూ లేదు. దేశ జనాభా సుమారు కోటీ పదిహేడు లక్షలు. ఆ కొద్దిమంది ప్రేక్షకులు కూడా భాషను బట్టి విడిపోయి ఉన్నారు. అయినప్పటికీ 1990ల నుండి అంతర్జాతీయ చలనచిత్రోత్సవాలలో, ముఖ్యంగా కేన్స్ ఉత్సవంలో, బెల్జియం చిత్రాలు పొందిన పురస్కారాలు దేశ పరిమాణానికి మించినవి. దీనికి భిన్నంగా ఆస్కార్ పురస్కారాలలో విదేశీ భాషా చిత్రాల విభాగంలో ఈ దేశం ఎనిమిది సార్లు తుది జాబితాకు చేరినా ఒక్కసారి కూడా గెలవలేదు.

భాషలు, ప్రాంతాలు

బెల్జియం సినిమాను అర్థం చేసుకోవడానికి ముందు ఆ దేశపు భాషా విభజనను తెలుసుకోవాలి. ఉత్తరాన ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతంలో డచ్చి భాష, దక్షిణాన ఉన్న వలోనియాలో ఫ్రెంచి భాష మాట్లాడతారు. తూర్పు సరిహద్దులో చిన్న జర్మన్ భాషా ప్రాంతం ఉంది. రాజధాని బ్రస్సెల్స్ అధికారికంగా ద్విభాషా నగరం. "బెల్జియన్" అనే భాష లేదు.

సినిమాలకు ప్రభుత్వ సహాయం కూడా భాషల వారీగానే అందుతుంది. 1960లలో డచ్చి భాషా చిత్రాలకు, ఫ్రెంచి భాషా చిత్రాలకు వేరువేరు సంఘాలు ఏర్పడ్డాయి. తరువాత 2001లో వలోనియా ప్రాంతానికి వలిమాజ్ అనే సంస్థ, 2002లో ఫ్లాండర్స్‌కు ఫ్లెమిష్ ఆడియోవిజువల్ ఫండ్ వచ్చాయి. 2003లో ప్రవేశపెట్టిన "టాక్స్ షెల్టర్" అనే పన్ను రాయితీ మాత్రం దేశమంతటికీ వర్తించేది. సినిమాలో పెట్టుబడి పెట్టిన కంపెనీలకు పన్ను తగ్గుతుంది. ఆ తరువాతి కాలంలో విదేశీ నిర్మాతలు కూడా బెల్జియంలో భాగస్వాములను వెదుక్కోవడానికి ఇది ముఖ్య కారణం.

ఫ్రెంచిలో తీసిన చిత్రానికి పక్కనే ఫ్రాన్సు అనే పెద్ద విపణి ఉంది. డచ్చిలో తీసిన చిత్రానికి నెదర్లాండ్స్ ఉన్నా అక్కడి ప్రేక్షకులు ఫ్లెమిష్ యాసను తమదిగా భావించడం తక్కువ. రెండు విధాలుగానూ బెల్జియం దర్శకునికి స్వదేశంలో లభించే ప్రేక్షకులు పరిమితం. కనుక చలనచిత్రోత్సవాలలో గుర్తింపు అనేది ఇక్కడ కీర్తికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. అది దొరకకపోతే తరువాతి చిత్రానికి డబ్బు సమకూరడం కష్టం.

ప్రారంభ చరిత్ర

సినిమా పుట్టుకకు ముందే బెల్జియంకు ఆ కళతో సంబంధం ఉంది. బ్రస్సెల్స్‌లో జన్మించి ఘెంట్ నగరంలో ఆచార్యునిగా పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో (1801-1883) 1832లో ఫెనాకిస్టిస్కోప్ అనే పరికరాన్ని రూపొందించాడు. (ఈయనకూ గ్రీకు తత్వవేత్త ప్లేటోకూ సంబంధం లేదు.) గుండ్రని బిళ్ళపై వరుసగా గీసిన బొమ్మలను చీలికల గుండా చూస్తూ తిప్పినపుడు అవి కదులుతున్నట్లు కనిపిస్తాయి. కంటికి కదలిక ఎలా తోస్తుందో పరిశోధించిన ఈ శాస్త్రవేత్త 1843 నాటికి తన చూపును పూర్తిగా కోల్పోయాడు.

లూమియేర్ సోదరుల సినిమాటోగ్రాఫ్ బ్రస్సెల్స్‌లో ప్రజలకు మొదటిసారి ప్రదర్శింపబడినది 1896 మార్చి 1న. నిర్మాణం మాత్రం చాలా కాలం ఫ్రెంచి సంస్థల మీద ఆధారపడింది. పాతే కంపెనీ పంపిన ఫ్రెంచి దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ మషాఁ తీసిన "మోదిత్ స్వా లా గేర్" (యుద్ధం నాశనమైపోగాక) 1914లో, సరిగ్గా మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు విడుదలయింది.

ఆస్టెండ్ నగరానికి చెందిన హెన్రీ స్టోర్క్ బెల్జియం డాక్యుమెంటరీకి మూలపురుషుడు. నెదర్లాండ్స్‌కు చెందిన జోరిస్ ఇవెన్స్‌తో కలిసి ఆయన తీసిన "మిజేర్ ఓ బొరినాజ్" (బొరినాజ్‌లో దైన్యం) 1932 సమ్మె తరువాత బొగ్గు గని కార్మికుల ఇండ్లను, ఇండ్ల నుండి వారి గెంటివేతను చూపిస్తుంది. 1938లో బెల్జియం రాయల్ ఫిల్మ్ ఆర్కైవ్‌ను స్థాపించినవారిలోనూ స్టోర్క్ ఒకడు. కార్మిక ప్రాంతాలను దగ్గరగా నిలబడి చూడడం అనే లక్షణం అరవై ఏళ్ళ తరువాత దార్దెన్ సోదరుల చిత్రాలలో మళ్ళీ కనిపిస్తుంది.

డచ్చి భాషలో 1934లో వచ్చిన యాన్ వాండర్‌హైడెన్ చిత్రం "డె విట్టె" ప్రజాదరణ పొందింది. ఎర్నెస్ట్ క్లాస్ నవల దీనికి ఆధారం. ఇదే కాలంలో ప్రతిభావంతులు పలువురు పారిస్ వెళ్ళిపోయారు. బ్రస్సెల్స్‌లోని ఇక్సెల్ ప్రాంతంలో జన్మించిన జాక్ ఫేదర్ ఫ్రెంచి సినిమాలో అగ్రదర్శకుడయ్యాడు. 2017లో గౌరవ ఆస్కార్ అందుకున్న ఆన్యెస్ వార్దా పుట్టినది కూడా ఇక్సెల్‌లోనే. వీరిద్దరినీ ప్రపంచం ఫ్రెంచి దర్శకులుగానే లెక్కించింది.

ఆండ్రే డెల్వో, 1960ల మలుపు

1962లో బ్రస్సెల్స్‌లో ఫ్రెంచి మాధ్యమంలో ఇన్సాస్, డచ్చి మాధ్యమంలో రిట్స్ అనే చలనచిత్ర శిక్షణ సంస్థలు ప్రారంభమయ్యాయి. ఇన్సాస్ వ్యవస్థాపకులలో ఒకడైన ఆండ్రే డెల్వో (1926-2002) తొలి పూర్తి నిడివి కథాచిత్రాన్ని ఫ్లెమిష్ టెలివిజన్ కోసం తీశాడు. యోహాన్ డేస్నే నవల ఆధారంగా 1965లో తీసిన ఈ చిత్రం పేరుకు "జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి" అని అర్థం. కల ఎక్కడ ముగిసి వాస్తవం ఎక్కడ మొదలవుతుందో తెలియనివ్వని ఈ పద్ధతిని తరువాత "మాంత్రిక వాస్తవికత" అని పిలిచారు.

డెల్వో రెండు భాషలలోనూ చిత్రాలు తీశాడు. 1968 నాటి "అఁ స్వార్, అఁ త్రేఁ" (ఒక సాయంకాలం, ఒక రైలు) చిత్రంలో కథానాయకుడు ఫ్లెమిష్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర ఆచార్యుడు, అతని సహచరి ఫ్రెంచి యువతి. లూవెన్ విశ్వవిద్యాలయం భాష కారణంగా రెండుగా చీలిన సంవత్సరం కూడా అదే. 1971లో "రాందెవూ ఆ బ్రే" చిత్రానికి ఫ్రాన్సులో ప్రతిష్ఠాత్మకమైన లూయి దెల్లుక్ బహుమతి లభించింది.

బెర్లిన్ ఉత్సవపు ప్రథమ బహుమతి అయిన బంగారు ఎలుగుబంటి 1967లో "ల దెపార్" అనే బెల్జియం చిత్రానికి దక్కింది. అయితే దీని దర్శకుడు యెర్జీ స్కొలిమోవ్‌స్కీ పోలండు దేశస్థుడు, కథానాయకుడు జాఁ-పియెర్ లియో ఫ్రెంచివాడు. ఏ చిత్రం ఏ దేశానిది అనే ప్రశ్న బెల్జియం విషయంలో అప్పటికే ఉంది.

శాంటల్ అకెర్మన్

పురస్కారాల పట్టికను మాత్రమే చూసేవారికి బెల్జియం సినిమాలో అత్యంత ముఖ్యమైన చిత్రం కనిపించదు. బ్రస్సెల్స్‌లో జన్మించిన శాంటల్ అకెర్మన్ (1950-2015) తన ఇరవై ఐదవ ఏట, 1975లో, "జాన్ డీల్మన్, 23 కే ద్యు కొమెర్స్, 1080 బ్రస్సెల్స్" అనే చిత్రాన్ని పూర్తిచేసింది. చిత్రం పేరు ఒక స్త్రీ పేరు, ఆమె ఇంటి చిరునామా. అంతకు మించి అందులో ఏమీ లేదు. నిడివి 201 నిముషాలు. భర్త చనిపోయి, కొడుకుతో కలిసి ఉంటున్న ఒక గృహిణి జీవితంలో మూడు రోజులను ఈ చిత్రం చూపిస్తుంది. ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తుంది, పక్క సర్దుతుంది, బూట్లు పాలిష్ చేస్తుంది, మధ్యాహ్నం పూట ఇంటికి వచ్చే విటుల నుండి డబ్బు తీసుకుని ఒక పింగాణీ పాత్రలో దాస్తుంది. రెండవ రోజు దుంపలు మాడిపోతాయి. ఆ చిన్న పొరపాటు నుండి ఆమె దినచర్య అంతా క్రమంగా చెడి, చివరకు హత్యకు దారితీస్తుంది. ప్రధాన పాత్రను దెల్ఫీన్ సేరిగ్ పోషించింది. ఛాయాగ్రహణం బాబెట్ మాంగోల్ట్. చిత్ర బృందంలో ఎక్కువమంది స్త్రీలే.

ఇతర చిత్రాలు కోసి పారేసే పనులను ఈ చిత్రం పూర్తిగా, కెమెరా కదపకుండా చూపిస్తుంది. వంటింట్లో గడిచే సమయం కూడా చూడదగినదే అనేది ఇందులోని వాదం. దీనిని కేన్స్‌లో పోటీ విభాగంలో కాక, దర్శకుల పక్షం అనే సమాంతర విభాగంలో ప్రదర్శించారు. పెద్ద బహుమతులేవీ రాలేదు.

బ్రిటిష్ పత్రిక "సైట్ అండ్ సౌండ్" 1952 నుండి పదేళ్ళకొకసారి విమర్శకుల అభిప్రాయాలు సేకరించి సర్వకాల ఉత్తమ చిత్రాల జాబితా ప్రచురిస్తుంది. 2012 జాబితాలో తొలి ముప్పైలో కూడా లేని "జాన్ డీల్మన్" 2022లో ప్రథమ స్థానంలో నిలిచింది. అంతకు ముందు ఆ స్థానం "బైసికిల్ థీవ్స్", "సిటిజన్ కేన్", "వెర్టిగో" చిత్రాలకు మాత్రమే దక్కింది. ఒక స్త్రీ దర్శకత్వం వహించిన చిత్రం ఆ స్థానానికి రావడం అదే మొదటిసారి. అకెర్మన్ దీనిని చూడలేదు. ఆమె 2015 అక్టోబరు 5న పారిస్‌లో మరణించింది.

యానిమేషన్

బెల్జియం చిత్రకథలు (టిన్‌టిన్, స్మర్ఫ్‌లు) ప్రపంచ ప్రసిద్ధాలు కావడం వల్ల కాబోలు, ఈ దేశానికి తొలి పెద్ద బహుమతులలో కొన్ని యానిమేషన్ చిత్రాల ద్వారానే వచ్చాయి. ఆస్టెండ్‌లో జన్మించిన రావుల్ సెర్వే (1928-2023) తీసిన "హార్ప్యా" 1979లో కేన్స్‌లో లఘుచిత్రాల స్వర్ణ తాళపత్రం (పామ్ ద'ఓర్) గెలుచుకుంది. స్త్రీ ముఖం, పక్షి శరీరం గల జీవిని ఒకడు జాలిపడి ఇంటికి తెచ్చుకుంటే అది అతని ఆహారమంతా తినివేయడం ఇందులోని కథ. సజీవ నటులను, గీసిన బొమ్మలను కలిపి చూపిన పద్ధతి ఆ కాలానికి కొత్తది.

నికోల్ వాన్ గోథెమ్ తీసిన "ఎ గ్రీక్ ట్రాజెడీ" 1987 ఆస్కార్ ఉత్సవంలో ఉత్తమ యానిమేషన్ లఘుచిత్రంగా ఎన్నికయింది. శిథిలమవుతున్న గ్రీకు ఆలయపు కప్పును శతాబ్దాలుగా తలపై మోస్తున్న మూడు స్త్రీ విగ్రహాలు చివరకు ఆ బరువును వదిలించుకోవడం ఇందులోని హాస్యం. తరువాతి తరంలో స్టెఫాన్ ఓబియే, వెంసాఁ పతార్‌లు ఆటబొమ్మలతో తీసిన "పానిక్ ఓ విలాజ్" (2009) కేన్స్‌లో ప్రదర్శింపబడింది. వీరు బెంజమిన్ రెనేతో కలిసి తీసిన "ఎర్నెస్ట్ ఎ సెలెస్తీన్" (2012) ఆస్కార్ నామినేషన్ పొందింది.

దార్దెన్ సోదరులు

జాఁ-పియెర్ దార్దెన్ (జననం 1951), ల్యూక్ దార్దెన్ (జననం 1954) లియేజ్ నగర సమీపంలో పెరిగారు. అక్కడి సెరాఁ పట్టణం ఒకప్పుడు ఉక్కు కర్మాగారాలకు ప్రసిద్ధి. కర్మాగారాలు మూతపడడం, పని పోగొట్టుకున్న కుటుంబాలు చెదిరిపోవడం వారు కళ్ళారా చూశారు. 1970లలో వీడియో కెమెరాతో కార్మికుల జీవితాలపై డాక్యుమెంటరీలు తీయడంతో వారి వృత్తి మొదలయింది. కథాచిత్రాలలో తొలి ప్రయత్నాలు విఫలమయ్యాయి. ముఖ్యంగా 1992లో పెద్ద బృందంతో తీసిన "జ పాన్స్ ఆ వూ" వారికే తృప్తినివ్వలేదు.

1996లో తీసిన "లా ప్రొమెస్" (వాగ్దానం) నుండి వారు పేరున్న తారలను, సంగీతాన్ని వదిలి, చేతితో పట్టుకున్న కెమెరాతో పాత్రల వెన్నంటి నడిచే పద్ధతిని ఎంచుకున్నారు. అక్రమ వలస కూలీలను దోచుకునే తండ్రికి, చనిపోతున్న కూలీకి ఇచ్చిన మాటకు మధ్య నలిగిన బాలుని కథ ఇది.

1999లో "రోజెటా" కేన్స్ ఉత్సవపు అత్యున్నత బహుమతి పామ్ ద'ఓర్ గెలుచుకుంది. పూర్తి నిడివి బెల్జియం చిత్రానికి ఈ బహుమతి రావడం అదే ప్రథమం. తాగుడుకు బానిసైన తల్లితో కారవాన్లు నిలిపే స్థలంలో నివసిస్తూ, ఏదో ఒక పని కోసం, ఒక మామూలు ఉద్యోగం కోసం పోరాడే అమ్మాయి కథ ఇది. చివరకు తనకు సహాయం చేసిన స్నేహితుని వాఫుల్ బండి దగ్గర ఉద్యోగాన్ని కూడా ఆమె లాక్కుంటుంది. ప్రధాన పాత్ర ధరించిన ఎమిలీ దెకెన్ వయసు అప్పటికి పదిహేడు. అది ఆమెకు మొదటి చిత్రం. ఆమెకు ఉత్తమ నటి బహుమతి కూడా (సెవెరిన్ కనీల్‌తో ఉమ్మడిగా) లభించింది. ఆ సంవత్సరం న్యాయనిర్ణేతల సంఘానికి డేవిడ్ క్రోనెన్‌బర్గ్ అధ్యక్షుడు. స్పెయిన్ దర్శకుడు అల్మొదోవర్‌కు వస్తుందని చాలామంది అనుకున్న బహుమతి తెలియని చిత్రానికి పోవడం అప్పట్లో వివాదమయింది.

ఈ చిత్రానికి సంబంధించి తరచు వినిపించే ఒక కథను ఇక్కడ సవరించాలి. యువకులకు ఉద్యోగాలు కల్పించేందుకు బెల్జియం ప్రభుత్వం అదే కాలంలో తెచ్చిన పథకం "రోజెటా ప్రణాళిక"గా ప్రసిద్ధమయింది. యాభై మందికి మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 3 శాతం మేరకు యువతను నియమించుకోవాలన్నది అందులోని నిబంధన. సినిమా చూసి చట్టం చేశారని అంటారు గాని, చిత్రం విడుదలకు ముందే ఆ చట్టం తయారవుతోందని దార్దెన్ సోదరులే చెప్పారు. చట్టానికి సినిమా పేరు వచ్చింది, అంతే. అయినా ఒక సినిమాలోని కల్పిత పాత్ర పేరు ప్రభుత్వ పథకానికి నిలిచిపోవడం అరుదైన విషయమే.

2002లో "ల ఫీస్" (కుమారుడు) చిత్రంలో వడ్రంగి ఉపాధ్యాయునిగా నటించిన ఒలివియే గూర్మే ఉత్తమ నటుడయ్యాడు. 2005లో "లాంఫాఁ" (పసిబిడ్డ) చిత్రంతో దార్దెన్ సోదరులు రెండవసారి పామ్ ద'ఓర్ అందుకున్నారు. ఈ బహుమతిని రెండుసార్లు పొందిన దర్శకులు ప్రపంచంలో కొద్దిమందే. ఆ తరువాత "లోర్నా మౌనం" (2008) ఉత్తమ చిత్రానువాదం, "సైకిల్ బాలుడు" (2011) గ్రాండ్ ప్రి (టర్కీ చిత్రంతో ఉమ్మడిగా), "యువ అహ్మద్" (2019) ఉత్తమ దర్శకత్వం, "తోరి, లోకితా" (2022) ఉత్సవ 75వ వార్షికోత్సవ ప్రత్యేక బహుమతి, "యువ మాతలు" (2025) మళ్ళీ ఉత్తమ చిత్రానువాదం బహుమతులు పొందాయి. ఇన్ని బహుమతులు పొందినా వీరి చిత్రాలు దాదాపు అన్నీ లియేజ్ పరిసరాలలోని కొన్ని వీధులలోనే జరుగుతాయి.

ఇతర కేన్స్ పురస్కారాలు

తొలి చిత్రానికి ఇచ్చే కామెరా ద'ఓర్ 1991లో జాకో వాన్ డోర్మెల్ తీసిన "టోటో ల ఎరో" చిత్రానికి లభించింది. అదే దర్శకుని "ఎనిమిదవ రోజు" (1996) చిత్రంలో నటించిన డానియల్ ఒతోయ్, పాస్కల్ దుకెన్‌లు ఉత్తమ నటుని బహుమతిని పంచుకున్నారు. దుకెన్ డౌన్ సిండ్రోమ్ ఉన్న నటుడు. 1992లో సినిమా విద్యార్థులు అతి తక్కువ ఖర్చుతో తీసిన "సె తరివే ప్రే ద షే వూ" అనే చిత్రం కేన్స్ విమర్శకుల వారంలో సంచలనం కలిగించింది. హంతకుని వెంట తిరిగే డాక్యుమెంటరీ బృందం క్రమంగా అతని నేరాలలో పాలుపంచుకోవడం దీని ఇతివృత్తం. నటుడు బెన్వా పూల్‌వోర్డ్ దీనితోనే వెలుగులోకి వచ్చాడు.

ఫ్లెమిష్ దర్శకులకు కేన్స్‌లో పెద్ద గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. లుకాస్ డోంట్ తీసిన "గర్ల్" 2018లో కామెరా ద'ఓర్ పొందింది. 2022లో పోటీ విభాగంలో ఉన్న మూడు బెల్జియం చిత్రాలకూ బహుమతులు రావడం ఆ దేశ సినిమా చరిత్రలో గుర్తుంచుకోదగిన సంఘటన. లుకాస్ డోంట్ చిత్రం "క్లోజ్" గ్రాండ్ ప్రిని, ఫెలిక్స్ వాన్ గ్రోనింగెన్, షార్లట్ వాండర్‌మేర్ష్‌ల "ఎనిమిది పర్వతాలు" జ్యూరీ బహుమతిని ఇతర చిత్రాలతో పంచుకున్నాయి. మూడవది పైన చెప్పిన దార్దెన్ సోదరుల చిత్రం. ఈ మూడింటిలో "ఎనిమిది పర్వతాలు" ఇటాలియన్ భాషలో ఉంది.

ఆస్కార్, గోల్డెన్ గ్లోబ్

విదేశీ భాషా చిత్రాల విభాగంలో (2020 నుండి అంతర్జాతీయ చిత్రాల విభాగం) తుది నామినేషన్ పొందిన బెల్జియం చిత్రాలు ఇవి. సంవత్సరం చిత్రం విడుదలకు సంబంధించినది.

1970 - "పే స్యుర్ లే షాఁ", జాక్ బ్వాజ్‌లో
1988 - "ల మేత్ర్ ద మ్యుజిక్", జెరార్ కోర్బియో
1992 - "డాన్స్", స్టైన్ కోనింక్స్
1994 - "ఫరినెల్లి", జెరార్ కోర్బియో
2000 - "ఇడెరేన్ బెరూమ్‌ట్", డొమినిక్ డెరూడెరే
2011 - "రుండ్స్‌కాప్", మిఖాయెల్ రోస్కమ్
2012 - "ది బ్రోకెన్ సర్కిల్ బ్రేక్‌డౌన్", ఫెలిక్స్ వాన్ గ్రోనింగెన్
2022 - "క్లోజ్", లుకాస్ డోంట్

వీటిలో "డాన్స్" ప్రత్యేకంగా పేర్కొనదగినది. 19వ శతాబ్దం చివర ఆల్స్ట్ పట్టణపు నేత మిల్లు కార్మికుల పక్షాన నిలిచిన ఆడాల్ఫ్ డాన్స్ అనే క్రైస్తవ పురోహితుని జీవితం ఇది. చిత్రంలో కార్మికులు ఫ్లెమిష్ మాట్లాడతారు, యజమానులు ఫ్రెంచి మాట్లాడతారు. భాషా విభజన వర్గ విభజన కూడా అయిన కాలాన్ని ఇంత స్పష్టంగా చూపిన చిత్రం మరొకటి అరుదు. ప్రధాన పాత్రలో యాన్ డెక్లేర్ నటించాడు.

పై జాబితాలో దార్దెన్ సోదరుల పేరు లేకపోవడం పాఠకులు గమనించే ఉంటారు. "రోజెటా", "లాంఫాఁ"లతో సహా వారి చిత్రాలు పలుమార్లు బెల్జియం తరఫున పంపబడ్డాయి గాని ఒక్కటీ తుది ఐదింటిలో చేరలేదు. 2011లో కేన్స్ గ్రాండ్ ప్రి పొందిన "సైకిల్ బాలుడు"ను కాదని "రుండ్స్‌కాప్"ను పంపారు. పశువులకు హార్మోన్లు ఎక్కించే ముఠాల నేపథ్యంలో సాగే ఆ తొలి చిత్రం నామినేషన్ సాధించి, ఎంపికను సమర్థించుకుంది. దార్దెన్ చిత్రం ద్వారా ఆస్కార్ నామినేషన్ పొందినది నటి మారియోఁ కొతియార్ మాత్రమే ("రెండు పగళ్ళు, ఒక రాత్రి", 2014).

గోల్డెన్ గ్లోబ్ పురస్కారాలలో పరిస్థితి కొంత మెరుగు. "ఫరినెల్లి"కి 1995లోనూ, అలాఁ బెర్లినే తీసిన "మా వీ ఆఁ రోజ్"కు 1998లోనూ ఉత్తమ విదేశీ భాషా చిత్రం పురస్కారాలు లభించాయి.

ఇతర దేశాల పేరిట గెలిచిన చిత్రాలు

బెల్జియం గెలవలేదని చెప్పుకునే ఆస్కార్‌లో బెల్జియం డబ్బు, బెల్జియం మనుషులు పలుమార్లు గెలిచారు. నెదర్లాండ్స్‌కు ఆస్కార్ తెచ్చిన "ఆంటోనియా" (1995), "కరాక్టర్" (1997) రెండూ బెల్జియం సహనిర్మాణాలు. రెండింటిలోనూ యాన్ డెక్లేర్ నటించాడు. 2002లో బోస్నియాకు ఆస్కార్ తెచ్చిన "నో మాన్స్ లాండ్" కూడా బెల్జియం భాగస్వామ్యంతో తయారయింది. దాని దర్శకుడు డానిస్ తనోవిచ్ బ్రస్సెల్స్‌లోని ఇన్సాస్ విద్యార్థి. నిబంధనల ప్రకారం ఒక చిత్రం ఒకే దేశం పేరిట పోటీ చేయాలి. ఐదారు దేశాల డబ్బుతో చిత్రాలు తయారయ్యే ఐరోపాలో ఆ లెక్క చిన్న దేశాలకు న్యాయం చేయదని చెప్పవచ్చు.

స్వదేశీ పురస్కారాలు

దేశమంతటికీ ఒకే జాతీయ చలనచిత్ర పురస్కారం ప్రస్తుతం లేదు. ఘెంట్ ఉత్సవంలో ఇచ్చిన జోసెఫ్ ప్లాటో పురస్కారాలు 1980ల నుండి 2000ల మధ్య వరకు ఆ పాత్ర పోషించాయి. అవి ఆగిపోయిన తరువాత ఫ్లెమిష్ చిత్రాలకు 2010లో ఆస్టెండ్‌లో పురస్కారాలు మొదలై తరువాత ఎన్సోర్ అనే పేరు పొందాయి. ఫ్రెంచి భాషా చిత్రాలకు 2011 నుండి మాగ్రిత్ పురస్కారాలు ఇస్తున్నారు. రెండింటికీ బెల్జియం చిత్రకారుల పేర్లే పెట్టారు. మాగ్రిత్‌లలో తొలి ఉత్తమ చిత్రం జాకో వాన్ డోర్మెల్ తీసిన "మిస్టర్ నోబడీ". ఫ్లెమిష్ చిత్రాల కోసం మాగ్రిత్‌లలో ఒక ప్రత్యేక విభాగాన్ని కూడా ఏర్పరచారు.

ఇటీవలి పరిణామాలు

2023 బెర్లిన్ ఉత్సవంలో ఎన్‌కౌంటర్స్ విభాగపు ఉత్తమ చిత్రంగా బాస్ డెవోస్ తీసిన "హియర్" ఎన్నికయింది. బ్రస్సెల్స్‌లోని రుమేనియా భవన కార్మికునికి, నాచు మొక్కలపై పరిశోధన చేసే చైనా సంతతి యువతికి మధ్య పరిచయం దీని కథ. 2025 ఆస్కార్‌లలో యోహాన్ గ్రిమోన్‌ప్రే తీసిన "సౌండ్‌ట్రాక్ టు ఎ కూ దేతా" ఉత్తమ డాక్యుమెంటరీ నామినేషన్ పొందింది. కాంగో తొలి ప్రధాని పాట్రీస్ లుముంబా 1961లో హత్యకు గురికావడంలో బెల్జియం, అమెరికాల పాత్రను ఆనాటి జాజ్ సంగీతంతో ముడిపెట్టి చూపే చిత్రమిది. తమ వలస పాలన చరిత్రను బెల్జియం సినిమా ఇంత సూటిగా ప్రశ్నించడం తరచు జరగలేదు. అదే ఉత్సవంలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా గెలిచిన "ఫ్లో" లాత్వియా, ఫ్రాన్సు, బెల్జియంల సహనిర్మాణం. ఆ నెలలోనే, 2025 మార్చి 16న, "రోజెటా" నటి ఎమిలీ దెకెన్ 43 సంవత్సరాల వయసులో మరణించింది.